ఆకు ఊరాలి గాని ఉడకకూడదు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల ఉత్తరాలన్నీ లీఫ్ టీ గురించే. పాలు, పంచదార వేసి పొడి టీ కాచడం మన ఇళ్లలో ఎవరికీ నేర్పక్కర్లేదు. డార్జిలింగ్, గ్రీన్ టీ, ఊలాంగ్ (గ్రీన్ టీకి, బ్లాక్ టీకి మధ్యస్థపు రకం) లాంటివి ఇంటికొచ్చినా చాలామంది అదే పద్ధతిలో మరిగించి, బాగోలేదని డబ్బా పక్కన పెట్టేస్తున్నారు. ఎక్కువ ఉత్తరాల్లో ఫిర్యాదు ఒక్కటే, చేదు. అందుకే దాని మీదే ఎక్కువ చోటు తీసుకున్నాం.

ప్రశ్న (రాజమహేంద్రవరం): మా అబ్బాయి కోల్‌కతా నుంచి వంద గ్రాముల డార్జిలింగ్ ఫస్ట్ ఫ్లష్ టీ తెచ్చాడు. మేం కొనే పొడి కంటే ఎన్నో రెట్లు ఖరీదు. ఎప్పటిలాగే రెండు చెంచాలు వేసి మరిగించి పాలు పోశాను. రంగు రాలేదు, చేదు మాత్రం వచ్చింది. ఆకు కూడా నల్లగా లేదు, పచ్చపచ్చగా ఉంది. మోసపోయామా?

జవాబు: మీరు చెప్పిన పచ్చదనాన్ని బట్టి చూస్తే అసలైన ఆకే అనిపిస్తోందమ్మా. చలికాలమంతా ఎదుగుదల లేకుండా ఉన్న చెట్టు ఫిబ్రవరి చివర్లో మళ్లీ చిగురు వేస్తుంది. అప్పటి నుంచి ఏప్రిల్ దాకా కోసే ఆ లేత ఆకే ఫస్ట్ ఫ్లష్. కోసిన ఆకును అందులో తడి చాలావరకు పోయేదాకా వాడబెట్టి, తర్వాత నలుపుతారు. కోసిన వంకాయ ముక్క గాలి తగిలి నల్లబడుతుంది చూడండి, నలిగిన టీ ఆకులో జరిగేదీ అదే. కాకపోతే బాగా వాడిన ఆకులో తడి చాలక ఆ మార్పు మధ్యలోనే ఆగిపోతుంది. కాబట్టి పేరుకు బ్లాక్ టీయే అయినా ఆకులో ఆకుపచ్చ, గోధుమ రంగులు, అక్కడక్కడా వెండి మొనలు కలిసి కనిపిస్తాయి. కప్పులో లేత తేనె రంగు వస్తుంది. అంతకు మించి రంగు రాదు. రంగు కోసం మరిగించిన కొద్దీ చేదే దిగుతుంది.

మిగిలిన ఆకుతో ఇలా చేయండి. 200 మిల్లీలీటర్ల నీళ్లు తెర్లనిచ్చి స్టవ్ కట్టేసి, మూత లేకుండా రెండు నిమిషాలు వదిలేయండి. సుమారు 90 డిగ్రీలకు దిగుతాయి. ఈలోగా పింగాణీ కప్పులో కాసిని వేడినీళ్లు పోసి తిప్పి పారబోయండి. చల్లటి కప్పు నీళ్ల వేడిని లాగేస్తుంది కాబట్టి ఇది మానకూడదు. కప్పులో 3 గ్రాముల ఆకు వేసి నీళ్లు పోసి, సాసరు మూతగా పెట్టి మూడు నిమిషాలు ఉంచండి. సమయం కాగానే మొత్తం ఇంకో కప్పులోకి వడకట్టేయాలి. ఆకు అడుగునే ఉంచి పైనుంచి తాగుతూ పోతే చివరి సగం కప్పు చేదెక్కుతుంది. పాలు వద్దు. పంచదార కూడా మొదటి కప్పుకి వేయకుండా చూడండి. అదే ఆకుకు మళ్లీ నీళ్లు పోసి నాలుగైదు నిమిషాలు ఉంచితే రెండో కప్పు వస్తుంది. పూల వాసన తగ్గుతుంది గాని తాగడానికి హాయిగానే ఉంటుంది.

వడకట్టాక ఆకును పారేసే ముందు ఒకసారి ప్లేటులో పరిచి వేళ్లతో విప్పి చూడండి. మెలి తిరిగి ఎండిన పుల్లల్లా ఉన్నవే ఇప్పుడు మెత్తగా విచ్చుకుని ఉంటాయి. మొగ్గ, దాని పక్కన చిన్న ఆకు, దానికింద కొంచెం పెద్ద ఆకు ఒకే కాడకు అంటుకుని దొరుకుతాయి. అంచుల్లో రాగి రంగు, మధ్యలో పచ్చదనం ఉంటుంది. నిజంగా చిగురు కోసిన టీ అని చెప్పడానికి ఇంతకంటే మంచి రుజువు ఇంట్లో దొరకదు. ఇక ప్యాకెట్ మీద ఆకులు పట్టుకున్న స్త్రీ ముఖం పక్క నుంచి కనిపించే గుండ్రటి ముద్ర ఉందేమో చూడండి. అది డార్జిలింగ్ టీ ముద్ర. మన దేశంలో భౌగోళిక గుర్తింపు మొట్టమొదట దక్కింది ఈ టీకే, 2004లో.

ప్రశ్న (ఖమ్మం): డబ్బా మీద 'కప్పుకు ఒక చెంచా' అని ఉంటుంది. అలాగే వేసినా ఒక టీ చిక్కగా, ఒక టీ నీళ్లలా వస్తోంది. ఎందుకు?

జవాబు: చెంచాతో కొలవడమే కారణం. గుండ్రంగా చుట్టిన ఊలాంగ్ ఒక టీ చెంచాకు 3 గ్రాముల పైనే తూగుతుంది. మన పొడి టీ కూడా దరిదాపుల్లో అంతే. డార్జిలింగ్ ఆకు సుమారు 2 గ్రాములు. వైట్ టీలో పేరున్న సిల్వర్ నీడిల్ అయితే దూదిలా తేలిక, చెంచాకు ఒక గ్రాము రావడమే ఎక్కువ. అరగ్రాము తేడా కూడా చూపించే చిన్న డిజిటల్ త్రాసు కొనుక్కోండి. లీఫ్ టీ తాగేవాళ్లకు ఖరీదైన కెటిల్ కన్నా దాని అవసరమే ఎక్కువ. 200 మిల్లీలీటర్లకు 3 గ్రాములతో మొదలుపెట్టండి. పలచగా అనిపిస్తే ఆకు అరగ్రాము పెంచండి గాని, ఇంకో రెండు నిమిషాలు ఉంచుదామనుకోవద్దు. ఆకు పెంచితే చిక్కదనం వస్తుంది, సమయం పెంచితే వగరు, చేదు వస్తాయి. ఈ ఒక్క తేడా పట్టుబడితే లీఫ్ టీ సగం వచ్చేసినట్టే.

ప్రశ్న (మార్కాపురం): మాది బోరు నీళ్ల ఊరు. టీ చల్లారేసరికి పైన మెరిసే తెట్టు కడుతోంది. కప్పు గోడలకు గోధుమ రంగు వలయం అంటుకుని తోమినా పోవడం లేదు. టీలో కల్తీ ఉందా?

జవాబు: కల్తీ కాదు, నీళ్లలో ఉన్న సున్నం. బోరు నీళ్లలోని కాల్షియం, బైకార్బొనేట్లు టీలో వగరునిచ్చే పాలీఫినాల్స్‌తో గాలి తగిలే చోట కలిసి ఆ తెట్టు కడతాయి. తెట్టును చెంచాతో కదిపితే అద్దం పగిలినట్టు ముక్కలుగా విడిపోతుంది. కావాలంటే కప్పులో రెండు చుక్కల నిమ్మరసం వేసి చూడండి, కరిగిపోతుంది. పులుపు బైకార్బొనేట్‌ను విరిచేస్తుంది.

తెట్టు కంటికి బాగోకపోవడం కన్నా పెద్ద నష్టం రుచికి. అలాంటి నీళ్లలో టీ ముదురుగా, మసగ్గా కనిపిస్తుంది గాని నాలుక మీద ఆ చురుకుదనం ఉండదు. మంచి ఆకు కొనడానికి ముందు నీళ్లు మార్చడం మేలు. అలాగని ఆర్‌ఓ మెషీన్ నుంచి వచ్చే నీళ్లు టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాల కొలత) 20, 30 దగ్గర ఉన్నా టీ చప్పగానే వస్తుంది. 50 నుంచి 150 మధ్య ఉండే నీళ్లు ఆకు టీకి అనుకూలం. మీ ఆర్‌ఓలో టీడీఎస్ సర్దుబాటు మర ఉంటే మెకానిక్ చేత ఆ మధ్యకు తిప్పించుకోండి. లేదంటే ఒక వంతు వడపోసి కాచిన బోరు నీళ్లు, నాలుగైదు వంతులు ఆర్‌ఓ నీళ్లు కలిపి వాడండి. మీ ఊరి నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని తేలి ఉంటే మాత్రం ఈ కలపడం వద్దు, కాచినంత మాత్రాన అది పోదు. కప్పు మరకకు తడి వంటసోడా రాసి పది నిమిషాలు ఉంచి తోమితే పోతుంది.

ప్రశ్న (విశాఖపట్నం): ఆరోగ్యానికి మంచిదని గ్రీన్ టీ మొదలుపెట్టాను. తేనె, నిమ్మకాయ వేసినా గొంతు దిగడం లేదు. గ్రీన్ టీ అంటేనే అంత చేదా?

జవాబు: కాదండీ. సరిగ్గా ఊరిన గ్రీన్ టీలో మొదట తెలిసేది ఒక రకమైన కమ్మదనం, కాస్త తీపి. పసరు వాసన లేతగా, కొత్తగా కోసిన గడ్డిలా ఉంటుంది. మీ కప్పులో చేదుకు కారణం దాదాపుగా మరిగే నీళ్లే.

గ్రీన్ టీ ఆకును కోయగానే వేడి చూపించి, నల్లబడే మార్పును మొదట్లోనే ఆపేస్తారు. దాంతో కాటెకిన్లు అనే వగరు, చేదు పదార్థాలు ఆకులో అలాగే ఉండిపోతాయి. కమ్మదనం ఇచ్చే థియనిన్ అనే అమైనో ఆమ్లం గోరువెచ్చటి నీళ్లలో కూడా బాగానే దిగుతుంది. కాటెకిన్లు, కెఫీన్ దిగాలంటే వేడి ఎక్కువ కావాలి. అంటే నీళ్ల వేడి తగ్గిస్తే కమ్మదనం అంతా వస్తుంది, చేదు చాలావరకు ఆకులోనే ఉండిపోతుంది.

వేడి చూపించే పద్ధతిని బట్టి కూడా తేడా ఉంది. చైనాలో హాంగ్‌జౌ ప్రాంతపు లాంగ్‌జింగ్ లాంటివి ఇనప మూకుళ్లలో వేయించినవి. కాల్చిన వేరుశనగ, జీడిపప్పు లాంటి వాసన ఉంటుంది. 80 డిగ్రీల నీళ్లకు తట్టుకుంటాయి. 200 మిల్లీలీటర్లకు 3 గ్రాములు, రెండు నిమిషాలు చాలు. జపాన్ సెన్చాను ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు సూదుల్లా సన్నగా, పెళుసుగా ఉంటుంది కాబట్టి సారం త్వరగా దిగుతుంది. దానికి 70 డిగ్రీలు, ఒక్క నిమిషం. రెండో విడత ఇంకా తక్కువ, పదిహేను ఇరవై సెకన్లు చాలు, ఆకు అప్పటికే విచ్చుకుని ఉంటుంది కాబట్టి. కోతకు సుమారు మూడు వారాల ముందు నుంచి తోట మీద పందిరి కప్పి పెంచే గ్యొకురోకు 50–60 డిగ్రీలే పోస్తారు. నాలుగు చెంచాల నీళ్లకు 5 గ్రాముల ఆకు, రెండు నిమిషాలు. అది గుక్కెడు గుక్కెడుగా కాదు, చుక్క చుక్కగా తాగాల్సింది.

థర్మామీటర్ లేదా? లెక్క తేలికే. మన ఇళ్లలో తాగే నీళ్లు మామూలుగా 28 డిగ్రీల దగ్గర ఉంటాయి. తెర్లే నీళ్లు మూడు వంతులకు అవి ఒక వంతు కలిపితే 80 డిగ్రీల చుట్టుపక్కల వస్తాయి. మూడు వంతులకు రెండు వంతులు కలిపితే 70. చల్లటి నీళ్లు ముందు పోసి, వేడివి ఆ తర్వాత పోసి, చివరగా ఆకు వేయండి. చల్లనీళ్లు తాగదగినవే అయ్యుండాలని వేరే చెప్పక్కర్లేదు.

టీ బ్యాగులే వాడుతుంటే అందులో ఉండేది ముక్కలు, నుసి. సారం ఒక్కసారిగా దిగిపోతుంది. ఒక్క నిమిషానికే తీసేయండి. బ్యాగును చెంచాకేసి పిండవద్దు, ఆ ఆఖరి చుక్కల్లో చేదు ఎక్కువ. ఇన్ని చేసినా చేదుగానే ఉంటే ముందు వేడి ఇంకో ఐదు డిగ్రీలు తగ్గించండి, అప్పటికీ కుదరకపోతే సమయం, ఆకు మాత్రం అన్నిటికన్నా చివర. ఒక్కసారిగా మూడూ మారిస్తే తప్పెక్కడో ఎప్పటికీ తెలియదు.

ప్రశ్న (హైదరాబాద్): ప్యాకెట్ల మీద ఎఫ్‌టీజీఎఫ్‌ఓపీ, బీఓపీ అని అక్షరాలు ఉంటాయి. అక్షరాలు ఎక్కువైతే టీ గొప్పదనా? ఆరెంజ్ పికోలో కమలాపండు కలుపుతారా?

జవాబు: కమలాపండుకు, దానికి సంబంధం లేదు. పికో అనే మాట మొగ్గ మీది తెల్లటి నూగుకు చైనా వాళ్లు వాడే పేరు నుంచి వచ్చింది. ఈ అక్షరాలు చెప్పేది ఆకు పరిమాణం, మొనల పాలు. 'ఫైనెస్ట్ టిప్పీ గోల్డెన్ ఫ్లవరీ ఆరెంజ్ పికో' అంటే మొగ్గ మొనలు బాగా ఉన్న నిండు ఆకు. బీఓపీలో బీ అంటే బ్రోకెన్, విరిగిన ఆకు. ఆ కిందవి ఫ్యానింగ్స్, డస్ట్. ముక్క చిన్నదయ్యే కొద్దీ సారం తొందరగా, ముదురుగా దిగుతుంది. నిండు ఆకుకు నాలుగు నిమిషాలైతే బీఓపీకి రెండున్నర చాలు. మంచి తోట నుంచి మంచి కోతలో వచ్చిన బీఓపీ, వానాకాలపు పొడుగాటి అక్షరాల ఆకు కన్నా రుచిగా ఉండొచ్చు. కాబట్టి కొనేటప్పుడు అక్షరాల కన్నా ముందు తోట పేరు, ఏ కాలపు కోత, ప్యాక్ చేసిన నెల చూడండి.

మనం రోజూ తాగే గుండ్రటి గింజల పొడి ఈ వరసలోది కాదు, అది సీటీసీ. చితక్కొట్టి, చీల్చి, చుట్టడానికి పళ్లున్న రోలర్ల మధ్య ఆకును నడిపే యంత్రం అస్సాంలోని అమ్‌గురి తోటలో 1930లలో విలియం మెక్‌కెర్చర్ తయారుచేసినది. పాలు పోసినా రుచి చెక్కుచెదరని టీ కావాలంటే దాన్ని మించింది లేదు.

ప్రశ్న (గుంటూరు): టీ రుచి చూసి ధర కట్టే నిపుణులు ఉంటారని విన్నాను. వాళ్లు ఎలా చూస్తారు? ఆదివారం పూట ఇంట్లో నలుగురం కూర్చుని మూడు నాలుగు టీలు పోల్చి చూడాలంటే ఏం చేయాలి?

జవాబు: చాలా మంచి ఆలోచన. ఒక్కో టీని ఒక్కో రోజు తాగితే తెలియని తేడా, మూడు కప్పులు పక్కపక్కన పెడితే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

రుచి పరీక్షకు అంతర్జాతీయంగా ఒక ప్రమాణమే ఉంది, ఐఎస్‌ఓ 3103. 1980లో వచ్చింది. వంద మిల్లీలీటర్లకు 2 గ్రాముల ఆకు, అప్పుడే మరిగిన నీళ్లు, ఆరు నిమిషాలు. రుచిగా టీ తాగడానికి పెట్టిన కొలత కాదిది. అన్నిటికీ ఒకే కఠినమైన పరీక్ష పెడితే ఏ ఆకులో ఏ లోపముందో బయటపడుతుందని. ఇంట్లో 150 మిల్లీలీటర్లకు 3 గ్రాములు, ఐదు నిమిషాలు సరిపోతుంది.

మొదటిసారికి మూడు ప్రాంతాల బ్లాక్ టీలు పెట్టుకోండి. మే, జూన్‌లలో కోసిన డార్జిలింగ్ సెకండ్ ఫ్లష్, అదే కాలపు అస్సాం ఆర్థడాక్స్ (సీటీసీ పొడి కాకుండా పాత పద్ధతిలో నలిపి చేసిన ఆకు), డిసెంబరు–ఫిబ్రవరి మధ్య మంచు పడే రోజుల్లో కోసిన నీలగిరి. గ్రీన్ టీని వీటి మధ్య పెట్టవద్దు, పోలిక కుదరదు. లోపల తెల్లగా ఉండే ఒకే రకం కప్పులు తీసుకోండి, రంగు కనపడాలి. గదిలో అగరొత్తి, పక్క పొయ్యి మీద పోపు ఉండకూడదు. అరగంట ముందు నుంచి వక్కపొడి, కాఫీ, ఆవకాయ నోట పెట్టవద్దు. మధ్యమధ్యలో నోరు శుభ్రపడటానికి మంచినీళ్లు, ఉప్పు లేని మరమరాలు దగ్గర ఉంచుకోండి.

ముందు పొడి ఆకు చూడండి. మెలిక బిగువుగా ఉందా, కాడలు, పీచు ఎంత ఉంది, నలిపితే పెళుసుగా విరుగుతోందా, సాగుతోందా. సాగితే తేమ పట్టిందన్నమాట. మూడు కప్పుల్లో నీళ్లు వెంటవెంటనే పోసి మూతలు పెట్టి, ఐదు నిమిషాలకు మూడూ ఒకే వరుసలో వడకట్టండి. తడి ఆకును మూత మీద బోర్లించి, వేడి తగ్గకముందే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. కప్పులో కన్నా ఇక్కడే వాసన ఎక్కువ తెలుస్తుంది. ఆకు రంగు కొత్త రాగి చెంబులా మెరుస్తుంటే తయారీ బాగా కుదిరినట్టు. మాసిన గోధుమ రంగులో, నిస్తేజంగా ఉంటే ఎక్కడో ఎక్కువసేపు మగ్గింది.

రుచి చూసేది పొగలు కక్కేటప్పుడు కాదు, గోరువెచ్చనకు కాస్త పైన ఉన్నప్పుడు. పెద్ద చెంచాతో తీసుకుని గట్టిగా చప్పుడు వచ్చేలా జుర్రండి. ఇంట్లో పెద్దవాళ్లు కసురుకున్నా ఇక్కడ జుర్రక తప్పదు. టీ తుంపరలై నోరంతా పరుచుకుంటుంది, గాలితో కలిసిన వాసన గొంతు వెనక నుంచి ముక్కుకు ఎక్కుతుంది. మనం రుచి అనుకునేదాంట్లో ఎక్కువ భాగం ఆ వాసనే. అటూ ఇటూ ఒకసారి తిప్పి ఉమ్మేయండి. మింగినా తప్పులేదు గాని పది కప్పులు మింగితే రాత్రి నిద్ర పట్టదు.

ఇక మాటలు. ఇంగ్లీషు నిపుణులు వాడే మాటలన్నిటినీ వెతుక్కోనక్కర్లేదు. మనకు వగరు వేరు, చేదు వేరు. ఉగాది పచ్చడి తిన్నవాళ్లకు ఆ తేడా చిన్నప్పుడే తెలుసు. చేదు నాలుక మీద రుచి. వగరు చిగుళ్లను, బుగ్గల లోపలి వైపును పట్టి పిండేసినట్టు ఆరబెట్టే స్పర్శ, వక్క నమిలినప్పుడు, నేరేడు పండు తిన్నప్పుడు తెలిసేది. బ్లాక్ టీకి కొంచెం వగరు ప్రాణం. అది చటుక్కున వచ్చి, చటుక్కున పోయి, నోట్లో నీళ్లూరేలా చేస్తే మంచి టీ. గరుకుగా అంటిపెట్టుకుని పోనంటే ముదురాకు గాని, ఎక్కువ ఊరడం గాని. అస్సాం టీలో రాగి మాల్ట్ వాసన దొరుకుతుంది, నాలుక మీద బరువుగా, చిక్కగా ఉంటుంది. డార్జిలింగ్ సెకండ్ ఫ్లష్‌లో మాగిన ద్రాక్ష, ఎండు ద్రాక్ష. పచ్చదోమ లాంటి చిన్న పురుగు ఆకు రసం పీల్చినప్పుడు చెట్టు తనను కాపాడుకోవడానికి పుట్టించే పదార్థాల వల్ల ఆ పరిమళం వస్తుంది. నీలగిరి తేటగా, పూల వాసనతో, బరువు లేకుండా ఉంటుంది.

లోపాలకూ కారణాలు ఉన్నాయి. పొగ వాసన వస్తే ఆరబెట్టే యంత్రంలో పొయ్యి పొగ ఆకుకు తగిలినట్టు. మాడు వాసన వస్తే వేడి ఎక్కువైంది. పుల్లగా, పండు కుళ్లినట్టు ఉంటే నలిపాక ఎక్కువసేపు మగ్గబెట్టారు. గోనెసంచి, బూజు వాసన వస్తే నిల్వలో చెమ్మ చేరింది. వాసనా లేదు, లోపమూ లేదు, ఊరికే చప్పగా ఉందంటే పాతబడింది.

రెండో ఆదివారం ఒకే ఆకును మూడు కప్పుల్లో రెండు, ఐదు, పది నిమిషాలు ఉంచి చూడండి. సమయం ఆకును ఏం చేస్తుందో ఎన్ని పేజీలు రాసినా అంత స్పష్టంగా చెప్పలేం.

ప్రశ్న (ఫ్రీమాంట్, అమెరికా): ఇక్కడి చైనీస్ కొట్లో టిగ్వాన్‌యిన్ అనే ఊలాంగ్ కొన్నాం. మిరియాల్లాంటి ఉండలు. ఒకే ఆకుతో ఏడెనిమిది సార్లు చేసుకోవచ్చన్నారు. నాకు రెండోసారికే నీళ్లలా వచ్చింది. మొదట కాసిని నీళ్లు పోసి పారబోస్తే కెఫీన్ పోతుందనీ అన్నారు.

జవాబు: ఏడు సార్లు వచ్చే పద్ధతి వేరు. అందులో ఆకు ఎక్కువ, నీళ్లు తక్కువ, సమయం సెకన్లలో. మీరు పెద్ద మగ్గులో నాలుగు నిమిషాలు ఉంచి ఉంటారు, సారమంతా మొదటిసారే దిగిపోయింది.

వంద మిల్లీలీటర్ల మూత కప్పు తీసుకోండి, గైవాన్ అనేది ఇదే. 5 గ్రాముల ఉండలు వేస్తే అడుగు కప్పేంత ఉంటాయి, అంతే. 95 డిగ్రీల నీళ్లు పోసి ఐదు సెకన్లలో పారబోయండి. ఉండల మడతలు వదులవడానికి ఇది. కెఫీన్ అంత త్వరగా దిగదు, చాలావరకు ఆకులోనే ఉంటుంది. ఆ మాట నమ్మి రాత్రి పూట తాగకండి. మొదటి విడత ఇరవై సెకన్లు, రెండోది కూడా ఇరవై, తర్వాత ప్రతిసారీ పది పదిహేను సెకన్లు పెంచుకుంటూ పోండి. ప్రతిసారీ కప్పు పూర్తిగా ఒంపేయాలి. నాలుగో విడతకు ఆకులు కప్పు నిండా ఉబ్బి మూతను తంతాయి. చిన్న జాలీ బంతుల్లో ఊలాంగ్ వేస్తే రుచి రాకపోవడానికి కారణం అదే, విచ్చుకునే చోటు ఉండదు. మొదటి విడతలో వాసన ఎక్కువ, రెండు మూడులో చిక్కదనం, ఆ తర్వాత నెమ్మదిగా తీపి మిగులుతుంది. మీ ఉండలు పచ్చగా మెరుస్తుంటే తక్కువ మగ్గబెట్టిన రకం, సీలు వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. గోధుమ రంగులో ఉంటే నిప్పు చూపించినది, బయటే ఉండొచ్చు, నీళ్లు కూడా పూర్తిగా మరిగినవే పోయొచ్చు.

ప్రశ్న (కరీంనగర్): మంచి అస్సాం లీఫ్ టీతో ఇంట్లో ఇరానీ చాయ్ చేస్తే ఇంకా రుచిగా వస్తుందా?

జవాబు: రాదు. ఇరానీ చాయ్‌కి డికాషన్ చాలాసేపు సన్నసెగ మీద దమ్ అవ్వాలి, చిక్కగా కాచిన పాలు వేరే ఉండి చివర్లో కలవాలి. పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ టీలోని వగరును పట్టేస్తుంది. అందుకే అంత ఘాటైన డికాషన్ కూడా గొంతులో మెత్తగా దిగుతుంది. ఆ పనికి డస్ట్ టీయే సరైనది. అస్సాం ఆకును అంతసేపు కాస్తే దాని ప్రత్యేకమైన వాసనంతా ఆవిరైపోతుంది. పాలతోనే కావాలంటే 150 మిల్లీలీటర్ల మరిగిన నీళ్లలో 3.5 గ్రాముల ఆకు ఐదు నిమిషాలు ఉంచి, వడకట్టి, రెండు చెంచాల వేడి పాలు కలుపుకోండి. డార్జిలింగ్‌లో మాత్రం పోయవద్దు.

ప్రశ్న (కాకినాడ): డబ్బా తెరిచిన రెండు నెలలకే టీ వాసన పోతోంది. ఫ్రిజ్‌లో పెడితే ఇంగువ వాసన పట్టింది!

జవాబు: సముద్రపు చెమ్మ ఉన్న ఊళ్లలో ఇది మామూలే. ఎండిన టీ ఆకు చుట్టూ ఉన్న తేమను, వాసనను రెండింటినీ పీల్చుకుంటుంది. మల్లెపూల మధ్య ఉంచి జాస్మిన్ టీ చేసేది ఆ గుణంతోనే. పోపుల డబ్బా పక్కన ఉంచితే అదే గుణం చెరుపు చేస్తుంది.

వంద గ్రాములు ఒకే డబ్బాలో పెట్టి రోజూ తెరవకండి. పదిహేను రోజులకు సరిపడా చిన్న స్టీలు డబ్బాలోకి తీసుకుని, మిగతాది రేకు కవర్‌లో గాలి పిండేసి సీలు చేయండి. గాజు సీసా అయితే అల్మారాలోనే, వెలుతురు పడకూడదు. గ్రీన్ టీని ఫ్రిజ్‌లో పెట్టాలనుకుంటే కవర్ మీద కవర్ ఉండాలి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా, కనీసం మూడు నాలుగు గంటలు, తెరవకూడదు. చల్లటి ఆకు మీద గాలిలోని తేమ చెమటలా పట్టి ఒక్క రోజులో పాడుచేస్తుంది. గ్రీన్ టీ, ఫస్ట్ ఫ్లష్ ఏడాదిలోపు వాడేయండి. బ్లాక్ టీ రెండేళ్లు ఆగుతుంది. చైనాలో యునాన్ ప్రాంతపు ప్యూఎర్ లాంటి కొన్ని టీలు ఏళ్లు గడిచేకొద్దీ మాగుతాయి, ప్యూఎర్‌కు మాత్రం గాలి తగలాలి.

ప్రశ్న (తిరుపతి): విడిగా అమ్మే టీలో రంగు కలిపారో లేదో ఇంట్లో తెలుసుకోవచ్చా?

జవాబు: వడపోత కాగితం మీద కాస్త టీ పరిచి నీళ్లు చల్లి తడపండి. కాసేపటికి టీ దులిపేసి కాగితాన్ని కుళాయి కింద కడిగి వెలుతురుకు పట్టి చూడండి. రంగు కలిపి ఉంటే మరకలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. అయస్కాంతం తిప్పితే కొద్దిగా ఇనప నుసి అంటుకోవచ్చు, రోలర్ల అరుగుదల అది. కొంత మోతాదు దాకా ఆహార భద్రతా సంస్థ నిబంధనలు ఒప్పుకుంటాయి. చిటికెడు టీలోనే కుచ్చులా అంటుకుంటే ఆ కొట్టు మానేయండి.

ప్రశ్న (విజయవాడ): ఎండలకు ఐస్ టీ చేస్తే మజ్జిగలా మసకబారుతోంది. తేటగా ఎలా వస్తుంది?

జవాబు: వేడి టీని ఒక్కసారిగా చల్లబరిస్తే అందులోని థియాఫ్లావిన్లు (బ్లాక్ టీకి రంగు, చురుకుదనం ఇచ్చే పదార్థాలు), కెఫీన్ కలిసి విడిపడి ఆ మసక కడతాయి. చిక్కటి అస్సాంలో ఇది ఎక్కువ, అక్కడ మంచి సారమున్న ఆకుకు గుర్తు కూడా. కాసిని మరిగే నీళ్లు కలిపితే మళ్లీ తేటపడుతుంది. కానీ ఐస్ టీకి అసలు వేడినీళ్లే వద్దు. నీలగిరి ఆకు 10 గ్రాములు ఒక లీటరు చల్లటి మంచినీళ్లలో వేసి మూతపెట్టి ఫ్రిజ్‌లో ఎనిమిది గంటలు ఉంచండి. రాత్రి పడుకునే ముందు వేస్తే పొద్దున్నే వడకట్టుకోవచ్చు. వగరు చాలా తక్కువ, పంచదార లేకుండానే తియ్యగా తోస్తుంది, అద్దంలా తేటగా ఉంటుంది. గ్రీన్ టీ అయితే నాలుగైదు గంటలు చాలు. వడకట్టాక ఆ రోజే తాగేయండి. సీసాను బయట ఎండలో పెట్టి ఊరబెట్టే పద్ధతి మాత్రం మన వేసవిలో అస్సలు వద్దు. ఆ వేడికి ఆకు మీది సూక్ష్మజీవులు చావవు, పెరుగుతాయి.